పదో వంతు సరే, మిగతా తొమ్మిది వంతుల మాటేమిటి?

ప్రశ్న: మాది ఖమ్మం జిల్లా. అమ్మకు 69 ఏళ్ళు, నాన్న పోయి పదకొండేళ్ళయింది. ఐదు నెలల కిందట అమ్మకు పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. అప్పటినుంచి నా దగ్గరే ఉంటోంది. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 14,000. మా ఆయనకు చిన్న మొబైల్ రిపేరు షాపు ఉంది. పగలు అమ్మను చూసుకునే ఆవిడకు 9,000, ఫిజియోథెరపీకి 3,600, మందులకు 2,400, డైపర్లు వగైరాలకు 2,000, మొత్తం నెలకు 17,000 అవుతోంది. అమ్మ పింఛను 2,016. హైదరాబాద్‌లో ఉండే అన్నయ్య 2,000 పంపిస్తాడు. మిగతాదంతా మామీదే, మహిళా సంఘంలో అప్పు కూడా తీశాను. అన్నయ్య జీతం 72,000. వాళ్ళ చర్చిలో సంఘ పెద్ద, కోశాధికారి కూడా. ప్రతి నెలా ఒకటో తారీఖున 7,200 దశమభాగం ఇచ్చేస్తాడు. ఆ డబ్బులో కొంత అమ్మకు ఇవ్వమంటే "అది దేవుని సొమ్ము, నేను ముట్టుకోను" అంటాడు. పదేళ్ళ కిందట వాళ్ళబ్బాయి నెలలు నిండకుండా పుట్టి 24 రోజులు ఇంక్యుబేటర్లో ఉన్నప్పుడు, బిడ్డ బతికితే జీతంలో పదో వంతు ఏ నెలా వాడుకోనని మొక్కుకున్నాడట. నాకు కోపం వచ్చి మార్కు 7:11 వచనం ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అన్నయ్య గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఆదివారం అమ్మ దగ్గర ఉండేవాళ్ళు లేక మూడు నెలలుగా నేను చర్చికి వెళ్ళలేదు, "సహవాసం మానకూడదమ్మా" అని మా సంఘంలోవాళ్ళు మందలిస్తున్నారు. దేవుని ఆజ్ఞ పాటించడమంటే ఇదేనా? ఎవరిది తప్పు?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం మొదటిసారి చదివినప్పుడు మీ అన్నయ్య మీద నాకూ కోపం వచ్చింది, దాచుకోవడమెందుకు. రెండోసారి చదువుతుంటే ఇంక్యుబేటర్ అన్న మాట దగ్గర ఆగిపోయాను. మీరు ఆ సంగతి ఒక్క వాక్యంలో చెప్పి "మొక్కుకున్నాడట" అని దాటేశారు గానీ, నాకు మాత్రం మొత్తం వ్యవహారం అక్కడే ఉందనిపిస్తోంది. గాజు పెట్టెలో అరచేతంత బిడ్డను 24 రోజులు అద్దంలోంచి చూస్తూ నిలబడ్డ మనిషి అతను. ఆ బిడ్డ ఇప్పుడు స్కూలుకు వెళ్తున్నాడు. ఏ నెలైనా ఆ 7,200 ఇవ్వకపోతే ఏమవుతుందోనన్న భయం అతనిలో ఏ మూలనో ఉండి ఉంటుంది, అతను పైకి ఒప్పుకోకపోవచ్చు. మీరు అతన్ని పిసినారి అనుకుంటున్నారు. పిసినారి నెలకు 7,200 ఎవరికీ ఇవ్వడు. నాకైతే అతను భయపడుతున్న మనిషిలా కనిపిస్తున్నాడు, భయంతో ఆజ్ఞ పాటించేవాడితో వాదించి గెలవడం చాలా కష్టం.

అలాగని మీ అన్నయ్య చేస్తున్నది సరైనదని అనడం లేదు. అసలు లెక్క చూద్దాం.

జీతం 72,000. దశమభాగం 7,200 పోతే మిగిలేది 64,800. అందులోంచి అమ్మకు వస్తున్నది 2,000. మీ అన్నాచెల్లెళ్ళిద్దరూ ఐదు నెలలుగా ఆ 7,200 గురించే పోట్లాడుకుంటున్నారు, ఆ 64,800 ఊసు ఇద్దరూ ఎత్తలేదు. ఫ్లాటు ఈఎంఐ ఉండొచ్చు, పిల్లవాడి ఫీజులుంటాయి, హైదరాబాద్ ఖర్చులు నాకూ తెలుసు, అవన్నీ తీసేసినా 14,000 జీతగత్తె 13,000 మోస్తూ, 72,000 జీతగాడు 2,000 మోయడం ఏ లెక్కలోనూ కుదరదు. మీరు "దశమభాగంలోంచి ఇవ్వు" అని అడగడం వల్ల అతనికి ఒక తలుపు దొరికింది, ఆ తలుపు వెనక నిలబడి "దేవుని సొమ్ము ముట్టుకోను" అంటే ఇక మాట్లాడేదేముంటుంది. మిగతా తొంభై శాతం కూడా దేవుడిచ్చిందే కదా, దాన్ని ముట్టుకోవడానికి ఏ మొక్కూ అడ్డం రాదే. కాబట్టి మొదటి మాట ఇది: దశమభాగం సంగతి పక్కన పెట్టండి, మిగతాదాంట్లోంచి అడగండి.

ఇప్పుడు మీరు గ్రూపులో పెట్టిన వచనం. దాని సందర్భం మీకు తెలిసే ఉంటుంది గానీ ఇది చదివే మిగతావాళ్ళ కోసం చెబుతాను. శిష్యులు చేతులు కడుక్కోకుండా భోజనం చేస్తున్నారని యెరూషలేమునుంచి వచ్చిన యూదు మతనిష్ఠాపరులైన శాస్త్రులు, పరిసయ్యులు తప్పుపట్టినప్పుడు యేసు చేతుల సంగతి వదిలేసి తల్లిదండ్రుల సంగతి ఎత్తాడు. నీ తండ్రినీ తల్లినీ సన్మానించమని ఆజ్ఞ ఉంది కదా, మరి మీరేమో ఒకడు తల్లితో "నావల్ల నీకు అందాల్సింది కొర్బాను, దేవార్పితం" అనేస్తే చాలు, ఇక ఆ తల్లికి ఏమీ చెయ్యక్కర్లేదంటున్నారే అని అడిగాడు. సన్మానించడం అంటే పండక్కి కాళ్ళకు దండం పెట్టడం కాదని, అన్నం, మందు, మనిషి తోడు అని యేసు ఇక్కడ చాలా సూటిగా చెప్పాడు. అంతవరకు మీరు సరైన వచనమే ఎంచుకున్నారు.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్తాను. మన ప్రసంగాల్లో పరిసయ్యులంటే అందరూ రాతిగుండె మనుషులే అన్నట్టు చెప్పేస్తుంటారు, అది నిజం కాదు. యూదు పండితుల మధ్యే ఈ మొక్కుబడుల మీద పెద్ద వాదన నడిచింది. క్రీస్తు శకం 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదు ధర్మగ్రంథంలో మొక్కుబడుల గురించి నెదారీం అని ఒక భాగం ఉంది. అందులో, ఒకడి మొక్కు వాడి తల్లిదండ్రుల గౌరవానికే అడ్డం వస్తుంటే ఆ కారణం మీద మొక్కునుంచి విడుదల ఇవ్వొచ్చని పెద్దలు ఒప్పుకున్నారు. అంటే ధర్మశాస్త్రాన్ని అక్షరాలా గౌరవించేవాళ్ళే, అమ్మ దగ్గరికి వచ్చేసరికి ముడి విప్పడానికి దారి వెతికారు. వాళ్ళకున్న పాటి జాలి మన సంఘాల్లో కొన్నిచోట్ల కనిపించదు.

సరే, దశమభాగం చట్టం ఏమంటుందో చూడండి. మన సంఘాల్లో దశమభాగం మీద ప్రసంగం అంటే మలాకీ మూడో అధ్యాయం పదో వచనమే, ఆకాశపు వాకిండ్లు విప్పడం, పట్టజాలనంత దీవెనలు. కానుక కవర్ల మీద కూడా అదే అచ్చేస్తారు. అదే అధ్యాయం ఐదో వచనం ఏ కవరు మీదా నేను చూడలేదు. కూలివాళ్ళను, విధవరాళ్ళను, తండ్రిలేనివాళ్ళను బాధపెట్టేవాళ్ళమీద నేనే సాక్షినై తీర్పు తీర్చడానికి వస్తానంటాడు దేవుడు అందులో. పదో వచనం చదివేవాడు ఐదో వచనం దాటుకునే కదా వెళ్ళాలి. దేవుడి దగ్గర దొంగతనం చేస్తున్నారన్న మాట రావడానికి ముందు విధవరాలి మాట వచ్చింది.

ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం తెరిస్తే మన అయ్యగార్లు, అదే పాస్టర్లు, ఎక్కువగా చదవని సంగతులు ఇంకా ఉన్నాయి. ఇశ్రాయేలీయుడు పంటలో పదో వంతు తీసి, దేవుడు ఏర్పరచుకున్న చోటికి తీసుకెళ్ళి, ఇంటివాళ్ళతో కలిసి అక్కడే తిని సంతోషించాలట. దూరమైతే అమ్ముకుని, ఆ డబ్బుతో అక్కడ ఏది కావాలంటే అది కొనుక్కోవచ్చట. ప్రతి మూడో ఏడు ఆ పదో వంతు ఊళ్ళోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేనివాళ్ళకు, విధవరాళ్ళకు కడుపునిండా పెట్టాలి. 26వ అధ్యాయంలో, అలా పెట్టినవాడు దేవుడి ముందు నిలబడి చెప్పాల్సిన మాట కూడా రాసి ఉంది: ప్రతిష్ఠితమైనదాన్ని నా ఇంట్లోంచి తీసి వీళ్ళకు ఇచ్చాను అని. విధవరాలి చేతికి వెళ్ళిన ధాన్యాన్ని ఆ వచనం ప్రతిష్ఠితమనే పిలుస్తోంది, చూడండి. మీ అన్నయ్యకు దేవుని సొమ్ము అంటే చర్చి బీరువాలో పడ్డదే. మోషే ధర్మశాస్త్రానికి విధవరాలి గిన్నెలో పడ్డదీ దేవుని సొమ్మే.

ఇది చదివి "చూశావా అన్నయ్యా, అమ్మ విధవరాలే కదా, ఇచ్చెయ్యి" అని మీరు ఫోన్ తియ్యకముందే ఒక మాట. నిజాయితీగా చెప్పాలంటే ఈ వచనం మీ అమ్మగారికి సరిగ్గా అతకదు. అక్కడ చెప్పిన విధవరాలు చూసేవాళ్ళు లేని మనిషి. మీ అమ్మగారికి ఉద్యోగం చేసుకునే కొడుకున్నాడు, కూతురుంది. పౌలు తిమోతికి రాసిన మొదటి పత్రిక ఐదో అధ్యాయంలో ఈ తేడా స్పష్టంగా ఉంది: పిల్లలో మనుమలో ఉన్న విధవరాలిని ముందు ఆ ఇంటివాళ్ళే చూసుకోవాలి, సంఘం మీద ఆ భారం వెయ్యకూడదు, నిజంగా దిక్కులేనివాళ్ళకు సంఘం సాయం చెయ్యాలి. తన ఇంటివాళ్ళను చూసుకోనివాడు అవిశ్వాసికన్నా చెడ్డవాడన్న గట్టి మాట కూడా అక్కడిదే. కాబట్టి అమ్మకు పెట్టి దాన్ని దశమభాగంగా రాసుకోవడం కూడా ఒక రకంగా తప్పించుకోవడమే, అమ్మకు పెట్టాల్సింది తన తొంభైలోంచి. ఆ తొంభై నిజంగా సరిపోకపోతే, పిల్లవాడికి జబ్బు చేసో, ఉద్యోగం పోయో, అప్పుడు పదిలోంచి తీసినా దేవుడు లెక్క అడగడని నా నమ్మకం. ముందు తొంభై, తర్వాతే పది, ఆ వరస తిరగెయ్యకండి.

దేవుడు లెక్క అడగడని ఏ ధైర్యంతో అంటున్నానంటే, లేవీయకాండము ఐదో అధ్యాయం చూడండి. పాపపరిహారానికి గొర్రెపిల్లనో మేకపిల్లనో తేవాలి. చేతకాకపోతే రెండు గువ్వలు చాలు. అవీ తేలేకపోతే ఏఫా అనే కొలతలో పదో వంతు గోధుమపిండి తెస్తే చాలు. మనిషి చేతిలో ఎంతుందో చూసి చట్టం తనే కిందికి దిగింది. బాలుడైన యేసును దేవాలయానికి తీసుకెళ్ళినప్పుడు మరియ, యోసేపు ఇచ్చింది కూడా పేదవాళ్ళకు చెప్పిన గువ్వల జతే అని లూకా రాశాడు. మన దగ్గర ధర్మశాస్త్రం అంటే కఠినం, కృప అంటే మెత్తదనం అని రెండుగా చీల్చి మాట్లాడటం అలవాటైపోయింది గానీ, ఆ గువ్వల్లో ఉన్నది కనికరం కాకపోతే మరేమిటి? కనికరం బయటినుంచి వచ్చి చట్టంలో కలిపిన నీళ్ళు కాదు, చట్టం రాసినప్పుడే అందులో ఉంది. "కనికరమునే కోరుచున్నాను గాని బలిని కోరను" అన్న మాట యేసు రెండుసార్లు ఎత్తి చూపాడు, అది ఆయన కొత్తగా చెప్పింది కాదు, హోషేయ ప్రవక్తది.

కనికరం చూపిస్తే నియమం సడలిపోతుందని భయపడేవాళ్ళు మన సంఘాల్లో ఎక్కువ. వాళ్ళకు నేను ఒంగోలు సంగతి చెబుతుంటాను. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువ తవ్వే పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇప్పించారు. బాప్తిస్మం ఇమ్మని అడిగినవాళ్ళను మాత్రం కరువు సాయం నడుస్తున్నంతకాలం ఆగమన్నారు, అన్నం కోసం ఎవరూ ముంచబడకూడదని. సాయం ఆగాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. కడుపు నింపడం ఆపలేదు, నియమం వదల్లేదు. బాప్తిస్మం తీసుకుంటేనే కూలి అని ఉంటే అది నియమమూ కాదు, కనికరమూ కాదు.

ఇక మొక్కు. ఇది చిన్న విషయం కాదు, తేలిగ్గా తీసెయ్యకండి. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి గ్రంథంలో ఉంది, మీ అన్నయ్యకు అది కంఠతా వచ్చి ఉంటుంది. కానీ న్యాయాధిపతుల గ్రంథంలో యెఫ్తా కథ కూడా బైబిల్లోనే ఉంది కదా. గెలిచి వస్తే ఇంటి తలుపులోంచి ఎదురొచ్చేది ఏదైనా నీదే అని మొక్కుకున్నాడు, ఒక్కగానొక్క కూతురు తంబురలు వాయిస్తూ ఎదురొచ్చింది, మాటిచ్చాను వెనక్కి తీసుకోలేనన్నాడు. ఆ కథలో దేవుడు ఆ మొక్కు కోరినట్టూ లేదు, మెచ్చుకున్నట్టూ లేదు. నేను చిన్నప్పుడు సండే స్కూల్లో "మాట నిలబెట్టుకున్న యెఫ్తా" అని విన్నాను, పెద్దయ్యాక ఆ పిల్ల వైపునుంచి చదివితే ఒళ్ళు జలదరించింది.

మీ అన్నయ్య మొక్కు అంత దూరం పోలేదు, అది మన అదృష్టం. మీరు రాసిన మాటలే మళ్ళీ చూడండి: జీతంలో పదో వంతు "వాడుకోను" అన్నాడు. అంటే తన కోసం ఖర్చు పెట్టనని. అమ్మ ఫిజియోథెరపీకి ఇస్తే అతను వాడుకున్నట్టా? ఈ మాట మీరు చెబితే తెలివి చూపిస్తున్నట్టు ఉంటుంది, అతనికి ఒళ్ళు మండుతుంది. వాళ్ళ పాస్టరుగారు చెబితే వినొచ్చు. పాస్టరుగారు ఇలాంటి మాట చెప్పరేమో, సంఘానికి వచ్చే డబ్బు తగ్గుతుంది కదా అని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. అలాంటివాళ్ళు లేరని అనను. కానీ తన సంఘ పెద్ద కన్నతల్లి మంచంలో ఉందని, చెల్లెలు అప్పు చేసి చూస్తోందని తెలిసి కూడా కవరు లెక్కపెట్టుకునే పాస్టర్లు మీరనుకున్నంతమంది ఉండరు. అసలు ఆయనకు ఈ సంగతి తెలుసా అని నా ప్రశ్న. కోశాధికారి ఇంటి గుట్టు సాధారణంగా పాస్టరుకే ఆఖరున తెలుస్తుంది.

ఇప్పుడు మీ వంతు. కష్టంగా ఉన్నా వినండి.

ఆ వచనం గ్రూపులో పెట్టి ఉండాల్సింది కాదు. వచనం తప్పు కాదు, పెట్టిన చోటు తప్పు. వదినగారు, మేనమామలు, పిన్ని కూతుళ్ళు, అందరూ చూస్తుండగా "నువ్వు పరిసయ్యుడివి" అని ముఖం మీద అన్నట్టే కదా అది. అన్నయ్య దశమభాగాన్ని ఎలా అడ్డం పెట్టుకున్నాడో, మీరు ఆ వచనాన్ని అలాగే రాయిలా విసిరారు. సహోదరుడు తప్పు చేస్తే ముందు నువ్వూ అతనూ ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పమని మత్తయి 18లో ఉంది, అది కూడా ఆజ్ఞే, మనకు నచ్చని ఆజ్ఞ. మీ అలసట నాకు అర్థమవుతోంది. రాత్రి రెండింటికి లేచి అమ్మను పక్కకు తిప్పి, పొద్దున ఎనిమిదింటికి స్కూలుకు పరిగెత్తే మనిషి నోట తియ్యటి మాటలు రావాలని ఎవరూ అడగరు. అయినా ఆ గ్రూపు సంగతికి మాత్రం ఒక క్షమాపణ చెప్పండి. "డబ్బు అడిగినందుకు కాదు, అందరిముందు అన్నందుకు" అని తేడా స్పష్టంగా చెప్పండి, లేకపోతే మీరు అడిగిందే తప్పన్నట్టు అయిపోతుంది.

పుదీనా, సోపు, జీలకర్రల్లో కూడా పదో వంతు లెక్కపెట్టి ఇస్తూ న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని వదిలేశారని యేసు అన్న మాట మీకు చాలా ఇష్టమై ఉంటుంది. ఆ వాక్యం చివర "వాటిని మానక వీటిని చేయవలసియుండెను" అని ఉంది. అంటే జీలకర్ర లెక్క మానెయ్యమనలేదు. మీ అన్నయ్య ఇచ్చే దశమభాగం మానెయ్యాలని మీరు కోరుకోకండి, దానివల్ల అమ్మకు ఒరిగేదేమీ లేదు. అతనికి దాంతో దేవుడికీ తనకీ మధ్య ఒక లెక్క ఉంది, అది మన చేతిలోది కాదు.

మీ ఆదివారాల సంగతి. సమాజంగా కూడుకోవడం మానవద్దని హెబ్రీ పత్రికలో ఉన్న మాటే మీ సంఘంలోవాళ్ళు చెబుతున్నారు, సరే. దానికి ముందు వచనంలో ప్రేమ చూపడానికి, సత్కార్యాలు చెయ్యడానికి ఒకరినొకరు పురికొల్పుకోమని ఉంది. పురికొల్పడం అంటే ఫోన్ చేసి మందలించడం కాదు కదమ్మా, ఆదివారం పది నుంచి పన్నెండున్నర వరకు ఒకరు వచ్చి మీ అమ్మ దగ్గర కూర్చోవడం. ఈ మాట వాళ్ళతో నవ్వుతూనే అనండి. నలుగురు వంతులేసుకుంటే ఒక్కొక్కరికి నెలకు ఒక్క ఆదివారం పడుతుంది. ఆదివారం ఆరాధన విషయంలో మనకంటే గట్టి చట్టం ఉన్న కతోలిక సంఘం కూడా, జబ్బుపడ్డవాళ్ళకు, పసిబిడ్డలను చూసుకునేవాళ్ళకు ఆ బాధ్యతనుంచి మినహాయింపు ఇచ్చింది. మీరు పాపం చేస్తున్నారని ఎవరైనా అంటే నమ్మకండి. విశ్రాంతిదినాన గోతిలో పడ్డ ఎద్దును వెంటనే పైకి తియ్యరా అని యేసు అడిగాడు, మీరు తీస్తున్నది అమ్మను. ఇంకోటి, మీ అయ్యగారిని అడిగి నెలకోసారి అమ్మ మంచం దగ్గరికే ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం తీసుకురమ్మనండి. మంచం పట్టినవాళ్ళకు ఇంటికి వెళ్ళి ఇవ్వడం మన సంఘాల్లో ఉన్న పద్ధతే, అడగకపోతే మర్చిపోతారు, అంతే.

మరి అన్నయ్యను ఏమని అడగాలి? గ్రూపులో కాదు, ఫోన్‌లో. ఆదివారం చెయ్యకండి, కానుకల లెక్కలు రాసుకునే హడావిడిలో ఉంటాడు. సోమవారమో మంగళవారమో సాయంత్రం చెయ్యండి. ముందు బాబు ఎలా ఉన్నాడని అడగండి, ఊరికే మర్యాదకు కాదు, అతని మొక్కు ఎక్కడినుంచి వచ్చిందో మీకు గుర్తుందని అతనికి తెలియాలి. తర్వాత ఈ 17,000 లెక్క, మీరు నాకు రాసినంత స్పష్టంగా, ఒక కాగితం మీద రాసి ఫోటో పంపండి. ఇంతకుముందు ఇంత వివరంగా అతనికి ఎప్పుడైనా చెప్పారా? అన్నాచెల్లెళ్ళ మధ్య లెక్కలేమిటని మనవాళ్ళు మొహమాటపడి, ఆ తర్వాత పదేళ్ళు మాట్లాడుకోకుండా ఉంటారు. పింఛను పోగా మిగిలేది దాదాపు 15,000. అందులో అతను ఇప్పుడిచ్చే 2,000 బదులు మొత్తం 9,000 ఇమ్మనండి, అంటే అమ్మను చూసుకునే ఆవిడ జీతం అతనిది. దశమభాగం అన్న మాటే ఎత్తకండి. అతనే ఎత్తితే "అది నీ ఇష్టం అన్నయ్యా, నేను దాంట్లోంచి అడగడం లేదు" అనండి. ఐదు నెలల్లో మొదటిసారి అతని దగ్గర జవాబు ఉండదు.

డబ్బుతో పాటు ఒక ఆదివారం కూడా అడగండి. నెలలో ఒక శనివారం సాయంత్రం బస్సెక్కితే రాత్రికి ఖమ్మం వచ్చేస్తాడు. ఆ ఆదివారం కానుకల లెక్క ఇంకెవరైనా రాస్తారు, సంఘంలో అతనొక్కడికే కూడికలు వచ్చా ఏమిటి. అతను అమ్మ దగ్గర కూర్చుంటాడు, మీరు చర్చికి వెళ్తారు. డైపరు మార్చడం అతనికి రాదు, నేర్పండి. నాకైతే 9,000 కంటే ఇదే ముఖ్యం అనిపిస్తోంది, ఎందుకంటే 200 కిలోమీటర్ల దూరంనుంచి చూస్తే అమ్మ ఒక ఖర్చులా కనిపిస్తుంది, మంచం పక్కన కూర్చుంటే అమ్మలా కనిపిస్తుంది. సిలువ మీద వేలాడుతున్నవాడు ఆ బాధలో కూడా తల్లిని ఎవరి ఇంట్లో ఉంచాలో చూసుకున్నాడు. మీ అన్నయ్యకు ఆ వచనం ప్రతి శుభ శుక్రవారం వినిపిస్తూనే ఉంటుంది, మీరు ప్రత్యేకంగా పంపక్కర్లేదు.

2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీవో దగ్గరికి వెళ్ళొచ్చని మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. అవును, వెళ్ళొచ్చు, కొడుకులకూ కూతుళ్ళకూ బాధ్యత ఉందని ఆ చట్టం అంటుంది, ఆ ఆర్డీవో ముందు కొర్బాను చెల్లదు. అమ్మ ఒప్పుకుంటుందా? ఒప్పుకోదనే నా అంచనా. ఆ దారి ఉందని తెలిసి ఉండటం మంచిదే, ఫోన్‌లో మాత్రం ఎత్తకండి, ఎత్తారంటే అక్కడితో మాటలు ఆగిపోతాయి.

అన్నట్టు, ఈ ఉత్తరంలో అమ్మ ఏమంటోందో ఎక్కడా లేదు. పక్షవాతం వచ్చింది చేతికీ కాలికీ గానీ, బుద్ధికి కాదు కదా. అన్నయ్య దశమభాగం గురించి ఆవిడకు ఒక అభిప్రాయం ఉండి ఉంటుంది, బహుశా మీకు నచ్చనిది. అడగండి. పింఛనులోంచి ఒక వంద చర్చికి పంపమని ఆవిడ అంటే, "ఇక్కడ డైపర్లకే లేవు" అనకుండా పంపండి. ఆవిడ చేతిలో మిగిలిన ఆ కాస్త స్వతంత్రం తీసెయ్యకండి. నేనెరిగిన పాతకాలం అమ్మలందరూ ఎసట్లో బియ్యం పోసేముందు గుప్పెడు తీసి దేవుడి డబ్బాలో వేసినవాళ్ళే, వాళ్ళకు ఇవ్వడం మానెయ్యమంటే తినడం మానెయ్యమన్నట్టే.

చివరగా, ఖర్చు తగ్గించుకోవాల్సి వస్తే ముందుగా ఫిజియోథెరపీ మాన్పిస్తారు చాలామంది, మీరు ఆ పని చెయ్యకండి. పక్షవాతం తర్వాత మొదటి ఆరు నెలల్లో వచ్చినంత మార్పు తర్వాత తర్వాత రాదు, మీకు ఐదు నెలలు ఇప్పటికే అయిపోయాయి. అన్నయ్య సోమవారం ఫోన్ ఎత్తకపోతే మంగళవారం చెయ్యండి.